తండ్రి లేని బావి

జత్తాని ఆ రోజు ఒక మందను నీళ్ళు తాగించకుండానే వెనక్కి పంపాడు. బావి దగ్గర వంతులు వేసే పెద్దగా ఇన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని అది. దాహంతో వచ్చిన ఆవును పొమ్మనడం, పశువులే బతుకైన బోరానా తెగవాళ్ళలో మాటలు కాదు. కానీ ఏం చేస్తాడు? బావిలో అంచెలంచెలుగా నిలబడ్డ కుర్రాళ్ళు పాట పాడుతూ చేతులు మార్చి పంపిన చేదల్లో బురదే పైకొచ్చింది. చివరి వంతువాడు దీదో ఊరుకుంటాడా?

"వంతులెయ్యడం మర్చిపోయావా, లేకపోతే నీళ్ళన్నీ నీ ఆవులకే పోసుకున్నావా?" అని నలుగురిలో అనేసి మందను తోలుకుపోయాడు. జత్తానికి తల కొట్టేసినట్టయింది.

నీళ్ళు ఎందుకు తగ్గాయో అతనికి తెలియక కాదు. నీటిశాఖ అమ్మాయి వచ్చి వివరంగానే చెప్పింది. కొండ కింద బండ ఏ కాలంలోనో విరిగి, రెండు పక్కలూ జారాయట. ఆ పగులు పొడవునా రాయి నలిగిపోయి, నీళ్ళు అందులోంచి కాలవలా నడుస్తాయట. ఇథియోపియాలో ఈ బావి ఉన్నది ఆ పగులు మీదే. పగులు అక్కడితో ఆగక సరిహద్దు కింద నుంచి కెన్యాలోకి పోతుంది. అక్కడ సరిగ్గా దాని మీదే ఈమధ్య ఒక బోరు వేశారు. అక్కడ తోడితే ఇక్కడ దిగుతుంది. పగులుకు ఎడంగా ఉన్న చిన్న బావిలో చెంబెడు నీళ్ళు కూడా తగ్గలేదు, కాకపోతే అది మేకలకే చాలదు.

"మరి ఆపించు తల్లీ," అన్నాడు జత్తాని.

"రెండు ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకోవాలి తాతా."

"ఎప్పుడు కూర్చుంటాయి?"

ఆ అమ్మాయి జీపెక్కింది.

నీటి తగవుకు వెళ్ళవలసింది బావి తండ్రి దగ్గరకు. ప్రతి బావికీ ఒక తండ్రి ఉంటాడు: తవ్వించినవాడో, అతని పెద్ద కొడుకో. అతని ముందు పొగాకూ, నేతిలో వేయించిన కాఫీ గింజలూ పెట్టాలి. అతను ఒక గింజ నోట్లో వేసుకున్నాడంటే తగవు చేపట్టినట్టే. మర్నాడు తెల్లవారకముందే జత్తాని ఆ రెండూ మూట కట్టుకుని సరిహద్దు దాటాడు.

బోరు దగ్గర పాటా లేదు, వరసా లేదు. ఎండకు తళతళలాడే సోలారు పలకలు, రొద పెట్టే పంపు, నిండుగా తొట్టి. నిన్న తను వెనక్కి పంపిన దీదో ఆవులు ఆ తొట్టిలోనే మూతులు పెట్టి తాగుతున్నాయి. దీదో అతన్ని చూసీ చూడనట్టు నిలబడ్డాడు.

"ఈ బావి తండ్రి ఎవరు?" అని జత్తాని అక్కడ కాపలా ఉన్న వాకోను అడిగాడు.

"బోరుకి తండ్రేంటి పెద్దాయనా? కమిటీ ఉంది."

కమిటీ పెద్ద టీకొట్టులో దొరికాడు. "నాదేం లేదు, వేసింది ఆఫీసువాళ్ళు. బోర్డు మీద నంబరుంది చూడు," అన్నాడు. ఆ నంబరుకు ఎన్నిసార్లు చేసినా మోగడమే తప్ప ఎత్తే నాథుడు లేడు.

"ఆ పొగాకు నేను తీసుకుంటాలే," అన్నాడు వాకో జాలిపడి.

"తగవు చేపడతావా?"

"బాబోయ్, వద్దు. పొగాకు మటుకే."

జత్తానికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటంతా పట్టుకెళ్ళి అదే ఊళ్ళో కాపురముంటున్న చెల్లెలు ఎలేమా ముందు కక్కాడు. "తండ్రి లేని బావిని పెట్టుకుని మా కొంప ముంచుతున్నారు కదే!"

"అరవకు అన్నా. ఆ పంపు ఆపితే నా ఆవులెక్కడికి పోవాలి?"

"నా బావికి."

"వచ్చాక? దీదోని తరిమినట్టు నన్నూ తరుముతావా?"

ఆడపడుచు మందను కాదనకూడదు. పోనీ రమ్మంటే, ఎవరి వంతు కోయాలి?

"నా వంతు తీసుకో. ఇవాళే," అన్నాడు చివరికి.

"మరి నీ ఆవులు?"

"పస్తుంటాయి."

ఎలేమా అతని మొహంలోకి చూసింది. మూట లాక్కుని, ఒక కాఫీ గింజ తీసి పటపటా నమిలింది.

"ఆడది బావికి తండ్రేంటే!"

"మగాడు దొరికాడా ఇందాకట్నుంచీ? తగవు నేను చేపట్టా. మూడ్రోజులకోసారి పంపుకి సెలవు. ఇవాళ్టితోనే మొదలు."

తీరా వెళ్తే వాకో చేతులెత్తేశాడు. "మీట పెట్టెకి ఆఫీసువాళ్ళు తాళమేసుకెళ్ళారమ్మా. ఎండుంటే తిరుగుద్ది, అంతే."

ఎలేమా విసురుగా ఇంటికెళ్ళి గోడలుగా కట్టిన చాపలు ఊడబీకింది. బోరానాల్లో ఇల్లూ ఆడదానిదే, చాపలూ ఆడదానివే, మొగుణ్ణి అడిగే పని లేదు. అన్నాచెల్లెళ్ళిద్దరూ వాటిని పలకల మీద కప్పి అంచుల్లో రాళ్ళు పెట్టారు. పంపు మూలిగి ఆగిపోయింది. తొట్టిలో మిగిలిన నీళ్ళు ముందొచ్చిన మందలు ఖాళీ చేసేశాయి. తాగడానికి అప్పుడే వచ్చిన ఎలేమా ఆవులు ఉత్త తొట్టిని నాకి అరిచాయి.

"చూస్తావేంటన్నా? తోలుకుపో," అంది ఎలేమా.

జత్తాని వాటిని తోలుకుని నడిచాడు. సాయంత్రానికి బావిలోకి నీళ్ళు ఎక్కుతాయో లేదో చెప్పగల మనిషి రెండు దేశాల్లోనూ లేడు. అక్కడ అతని ఆవులు తమ వంతు కోసం పొద్దుటి నుంచీ నిలబడి ఉన్నాయి.