అధ్యక్షుడి బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు

ఆన్సెల్మో అధ్యక్షుడై మూడు నెలలన్నా నిండలేదు, మా రాజధాని లిమాలో ఎవరి నోట విన్నా ఒకటే మాట. దించేస్తారా, ఉంచుతారా? అధ్యక్షుణ్ణి దించడానికి రాజ్యాంగంలో నైతిక అనర్హత అని ఒక ముక్క ఉంది. ఆ సంచిలో ఏది కుక్కినా పడుతుంది. ప్రతిపక్ష నాయకుడు సంతిస్తెబాన్ ఆ సంచి పట్టుకుని తిరుగుతున్నాడు. కుక్కడానికి ఏదో ఒకటి దొరకాలి, అంతే.

అది ఒక ఆదివారం టీవీలో దొరికింది. అధ్యక్షుడి గొంతు, చాటుగా రికార్డు చేసింది. వెనక చెంచాల చప్పుడు వినిపిస్తూనే ఉంది. "రోడ్ల శాఖ వాళ్లోడికే ఇచ్చేద్దాం. సభలో వాళ్ల ఓట్లు మన దగ్గరుంటాయి."

ఆ మాట అన్నది అధ్యక్ష భవనంలో, మధ్యాహ్నం భోజనం దగ్గర. బల్ల చుట్టూ ఉన్నది ఆయన కాక నలుగురే. ఇద్దరు మంత్రులు, ఆయన కార్యదర్శి బెరింగెల్, ఎదెల్మీరా.

ఎదెల్మీరా అబన్‌కాయ్ అనే కొండ ఊరి నుంచి కాంగ్రెస్‌కి, అంటే మా పార్లమెంటుకి, గెలిచిన సభ్యురాలు. అంతకుముందు చాలా ఏళ్లు అక్కడి రేడియోలో పొద్దున్నే కొండవాళ్ల భాష కెచువాలో వార్తలు చదివింది. ఆన్సెల్మో ఎవరో కొండల్లో ఎవరికీ తెలియని రోజుల్లో, లారీ వెనక బంగాళాదుంప బస్తాల మీద పక్కన కూర్చోబెట్టుకుని ఊరూరా తిప్పి చూపించింది ఆవిడే.

టీవీలో అది వచ్చాక భవనం నుంచి ఆవిడకి ఫోన్లు ఆగిపోయాయి. పార్టీ సమావేశానికి వెళితే మాటలు ఆగిపోయాయి. ఒకాయన మాత్రం పక్కవాడితో, ఆవిడకి వినపడేలాగే అన్నాడు: "రేడియో మనిషి కదండీ. రికార్డింగంటే ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య."

ఆవిడ ఆయన వంకే చూస్తూ, "నేను రికార్డు చేస్తే ఇంత గరగర రాదు నాయనా" అంది. ఎవరూ నవ్వలేదు.

ఆ వారమే భర్త దెమెత్రియో కిటికీ దగ్గర నిలబడి అన్నాడు. "బేకరీ ముందు బూడిదరంగు కారు చూశావా? మొన్నట్నుంచీ అక్కడే. వాడు బ్రెడ్డు కొనడు, కదలడు."

"ఎవరికోసమో చూస్తున్నాడేమోలే" అంది ఆవిడ. కానీ మనసులో సంతిస్తెబాన్ మనిషే అనుకుంది. మర్నాడు పొద్దున్నే మూల మీది బండి దగ్గర వేడివేడి మూలికల కషాయం రెండు గ్లాసులు తీసుకుని, తిన్నగా వెళ్లి కారు తలుపు తీసి అతని పక్కన కూర్చుంది.

"తాగు బాబూ, చల్లారిపోతుంది. పొద్దస్తమానం ఇక్కడ కూర్చోబెట్టినవాడు నీకు తిండైనా పెడుతున్నాడా?"

అతను బిత్తరపోయాడు. గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మాది అందవైలాస్ అమ్మా, మీ కొండల్లోనే. మీ గొంతు వింటూనే మా అమ్మ పొయ్యి వెలిగించేది."

"మరి ఆ గొంతు వెనకాల తిరగమన్నదెవరు? సంతిస్తెబానేనా?"

అతను తల అడ్డంగా ఊపి, గడ్డంతో భవనం ఉన్న వైపు చూపించాడు. "బెరింగెల్ సారు పిలిచి చెప్పారు. అధ్యక్షుడికీ, ఆయనకీ, నాకూ తప్ప నాలుగో మనిషికి తెలీకూడదన్నారు. నేను చెప్పానని అనకండమ్మా, పిల్లలవాణ్ణి."

ఆవిడ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, దెమెత్రియోకి కూడా. ఆ రోజే కాంగ్రెస్ వరండాలో సంతిస్తెబాన్ ఎదురొచ్చి, గొంతులో తేనె కలుపుకుని పలకరించాడు.

"మేడమ్ గారూ, మీరు నెత్తిన పెట్టుకుని మోసిన మనిషి మీ వెనకే కారు పెట్టాడటగా? మా వైపు వచ్చేయండి. గౌరవంగా చూసుకుంటాం."

"మీ గౌరవం తెలుసులెండి. మా కొండవాళ్లొస్తే మీ ఇంట్లో పెరటి గుమ్మం దగ్గరే మంచినీళ్లిస్తారు" అని ఆవిడ ముందుకు సాగింది. నాలుగడుగులు వేశాక కాళ్లు ఆగిపోయాయి. కారు సంగతి ఇతనికెలా తెలిసింది? ఆన్సెల్మో చెప్పడు. అందవైలాస్ మనిషి చెప్పాడంటే మనసు ఒప్పుకోవడం లేదు. మిగిలింది ఒక్కడే.

కబురు మీద కబురు పంపితే సాయంత్రానికి భవనం లోపలికి రానిచ్చారు. బ్యాగూ ఫోనూ బయటే పెట్టించారు. ఆన్సెల్మో చిక్కిపోయి ఉన్నాడు. పక్క స్నానాలగదిలో కుళాయి ధారగా కారుతోంది, మాటలు బయటికి వినపడకుండా. బల్ల మీద పులుసు చల్లారి తెట్టు కట్టింది.

ఆవిడ అంతా చెప్పింది. ఆయన ఆవిడ చేతుల వంకే చూస్తూ విన్నాడు.

"నువ్వొచ్చి అతని మీదే చెప్తావని బెరింగెల్ నిన్ననే అన్నాడు."

"దొంగే ముందు ‘దొంగ, దొంగ’ అని కేకేస్తాడన్నా."

"ఆ డ్రైవరే అమ్ముకున్నాడేమో. ఎదెల్మీరా, అందరూ వచ్చి అందరి మీదా చెప్తున్నారు. నేనెవర్ని నమ్మను?"

"నా వెనక మనిషిని పెట్టమన్నది నువ్వేనా?"

ఆయన వెళ్లి కుళాయి ఇంకాస్త తిప్పి వచ్చాడు. "నేను వద్దనలేదు" అన్నాడు.

ఆవిడ ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని అప్పుడు దెమెత్రియోకి చెప్పింది. ఆయనకి ఒళ్లు మండింది.

"రేపు సభలో దించే తీర్మానం వస్తుందిగా, దించెయ్యమనే వెయ్యి ఓటు. చేసినదానికి అనుభవించనీ."

"ఆయన మొహం చూస్తే నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ ఓటు ఆయనది కాదుగా. కొండ దిగొచ్చి వరసల్లో నిలబడి వేసినవాళ్లది. వాళ్ల వేళ్ల మీద సిరా ఇంకా ఆరలేదు, సంతిస్తెబాన్ తుడిచేస్తానంటే నేను గుడ్డ అందించాలా?"

మర్నాడు ఆవిడ దించడానికి వ్యతిరేకంగా వేసింది. తీర్మానం కొద్దిలో వీగిపోయింది. భవనం నుంచి ఫోను మోగింది. తెర మీద ఆన్సెల్మో పేరు చూసి, అది ఆగేదాకా చేతిలో పట్టుకుని నిలబడింది. ఆ వారంలోనే పార్టీకి రాజీనామా ఇచ్చి, సభలో వెనక వరసలో ఒంటరిగా కూర్చోవడం మొదలుపెట్టింది.

వేసవి వచ్చాక బెరింగెల్ టీవీలో కనిపించాడు. పక్కన సంతిస్తెబాన్. మనస్సాక్షి నిద్రపోనివ్వలేదని చెప్పి కొత్త రికార్డింగులు వినిపించాడు. అన్నింట్లోనూ చెంచాల చప్పుడే. రెండో తీర్మానానికి ఎవరూ అడ్డు నిలవలేకపోయారు. ఎదెల్మీరా మళ్లీ వద్దనే వేసింది. ఈసారి ఆ ఓటు దేనికీ సరిపోలేదు.

ఆన్సెల్మో ఊళ్లోనే బ్రెన్యా పేటలో తమ్ముడి ఇంటికి చేరాడు. కొన్నాళ్ల తర్వాత ఎదెల్మీరా అక్కడికి వెళ్లింది. నాలుగు మాటలతో కడిగేసి రావాలనే వెళ్లింది. గంట కొడితే ముందు కర్టెన్ కదిలింది, చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"నువ్వు చెప్పిందే నిజమైంది" అన్నాడు ఆయన, ఆవిడ ఇంకా కూర్చోకముందే. ఆ మాట కోసం ఇన్నాళ్లూ ఎదురుచూసిన ఆవిడకి, విన్నాక ఏమీ అనిపించలేదు.

ఆయన కాఫీ తెచ్చాడు. గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించి అడిగాడు. "ఇక్కడికొస్తున్నట్టు ఎవరికైనా చెప్పావా?"

"చెప్పలేదన్నా."

ఆయన తలూపాడు. నమ్మలేదని ఆవిడకి తెలుస్తూనే ఉంది. గది ఉక్కగా ఉంది. ఆవిడ లేచి కర్టెన్లు బార్లా తీసింది. ఆయన కుర్చీని కిటికీకి కనపడకుండా గోడవారకి జరుపుకున్నాడు.