పెదవుల యంత్రం

పారిస్‌లోని ఆ చెవిటి ఆడపిల్లల బడిలో చేతులతో మాట్లాడకూడదని కట్టడి చేసి పన్నెండేళ్లయింది. కుట్టుగది చూసుకునే లియోంతీన్‌కు పుట్టుచెముడు. తనకు సైగలు నేర్పిన ముసలి పంతులమ్మను ఆ ఏడాదే బయటికి పంపారు. అప్పటినుంచి లియోంతీన్ కడుపులో కోపం కుంపటిలా రాజుతూనే ఉంది.

ఆ గురువారం పెద్దపంతులు బెర్జో ఆమెను హాల్లోకి పిలిపించాడు. కుర్చీల్లో పదిమంది పెద్దమనుషులున్నారు. ఫొటోలు తీసే ఆర్దువాన్ కొత్త యంత్రం తెచ్చాడు. మనిషి ఒక మాట పలికేలోపు పద్దెనిమిది ఫొటోలు తీసి, వాటిని గాజుపళ్లెం చుట్టూ అతికించి, వెనక దీపం పెట్టి తిప్పితే బొమ్మలో నోరు కదులుతుంది.

"పిల్లలకు పెదవులు చదవడం నేర్పడానికి ఈ నోరు అలిసిపోదు, విసుక్కోదు. ఇక సైగల పీడ విరగడైనట్టే," అన్నాడు బెర్జో వాళ్లతో. ఆ మాటలు ఆమె అతని పెదవుల మీదే చదివింది. తర్వాత ఆమెవైపు తిరిగి, నోరు సాగదీస్తూ, "ఏమంటున్నాడో చదువమ్మా," అన్నాడు.

ఆర్దువాన్ పిడి తిప్పాడు. బొమ్మలో మనిషి మీసాల కింద పెదవులు కలిసి విడిపోయాయి. అంతే. ఫ్రెంచిలో రొట్టె, స్నానం, చెయ్యి, ఈ మూడు మాటలకూ పెదవుల తీరు ఒకటే. తేడా అంతా వినేవాళ్ల చెవిలోనే.

ఆమె పలక మీద 'చెయ్యి' అని రాసింది.

"తప్పు. రొట్టె," అన్నాడు బెర్జో.

"రోజూ తినేదాన్ని కూడా పోల్చుకోలేదే పాపం," అన్నాడొక పెద్దమనిషి. మిగతావాళ్లు నవ్వారు.

"నిజానికి బొమ్మలో మూడూ ఒకేలా ఉంటాయండీ..." ఆర్దువాన్ నసిగాడు. బెర్జో చూపుకే మాట మింగేశాడు.

లియోంతీన్ పలకను నేలకేసి కొట్టింది. రొట్టె, స్నానం, చెయ్యి, మూడింటికీ మూడు సైగలు చేసి చూపించింది. బెర్జో ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్లు పట్టుకున్నాడు.

"కోతి చేష్టలు చాలించు. పిల్లలు చూస్తున్నారు."

ఆమె విదిలించుకుంది. ఇన్నాళ్లూ పలక మీద 'మీరు' అని రాసిన మనిషిని ఇప్పుడు చేతులతో 'నువ్వు' అంది. "నీ నోటికి గుడ్డ కట్టి పాఠం చెప్పమంటే చెబుతావా? మా నోళ్లకు పన్నెండేళ్లుగా కట్టావు."

అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. తలుపు దగ్గర గుమిగూడిన పిల్లలకు అంతా అర్థమైంది. ఒక చెయ్యి లేచింది, దాని వెనక మరో పది.

పెద్దమనుషులను తీయడానికి నిలిపిన ఆ పద్దెనిమిది ఫొటోల కెమెరాను, ఆమె బెర్జోతో మాట్లాడటానికి చేతులెత్తగానే, ఆర్దువాన్ ఆమెవైపు తిప్పి ఫొటోలు తీసేశాడు. ఆమె సూటిగా అతని ముందుకెళ్లి, జేబులోని కాగితం తీసి రాసింది: "నన్ను అడిగావా?"

అతని మొహం కందిపోయింది.

ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. వారం తర్వాత ఆమె ఆ ఫొటోలు చూడటానికి ఆర్దువాన్ గదికెళ్లింది. అతను గాజుపళ్లెం తిప్పాడు. బొమ్మలో ఆమె చేతులు కదిలాయి. 'నీ నోటికి గుడ్డ కట్టి' అన్నంతవరకూ పొల్లుపోకుండా ఉంది.

"ఇలాంటివి వంద తియ్యి. పిల్లలు చదువుతారు," అని రాసిందామె.

"పైవాళ్లకు పెదవులే కావాలట," అని రాశాడతను, తల ఎత్తకుండా.

ఆమె పళ్లెం ఊడదీసి శాలువాలో చుట్టుకుంది. అతను లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు. చొక్కాలు కుట్టే ఒక కొట్లో చెవిటివాళ్లు ముగ్గురు పనిచేస్తున్నారని విని, అక్కడ చేరింది. అక్కడ పొద్దస్తమానం చేతులతోనే మాట్లాడేది. బెర్జో పేరు వచ్చినప్పుడల్లా ఆ చేతులు బల్లను గట్టిగా తాకేవి.