పుర్రచేతి కుట్టు

"ఈ వానలో బ్రేకులు పట్టకపోతేనో? ఏ బడిపిల్లో పరుగెత్తుకుంటూ అడ్డమొస్తేనో?"

టైలరమ్మ ఆ మాట కుట్టుమెషిన్‌తోనే అంది. గదిలో వేరే ఎవరూ లేరు. కూతురు సిటీ బస్సు నడపడం మొదలుపెట్టిన నాటి నుంచీ మబ్బు పట్టిందంటే చాలు, ఆవిడ కాలు పెడల్ మీద నిలవదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఈవిడకు కీడెంచడంతోనే పొద్దు గుంకిపోతుంది, మేలు దాకా వెళ్లే తీరికే ఉండదు.

ఆ కూతురే గొడుగు దులుపుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. రెండు నెలల తర్వాత రావడం.

"డ్యూటీలు" అంది, అడగకముందే.

"చిక్కిపోయావేంటే అమ్మడూ? రక్తం తక్కువైందేమో. అల్లుడేడీ? ఏమైనా అనుకున్నారా?"

"పనికెళ్లాడు. మనుషులు అప్పుడప్పుడూ పనులకి కూడా వెళ్తారమ్మా." కూతురు సంచీలోంచి యూనిఫాం ప్యాంటు తీసి బల్ల మీద పడేసింది. "జిప్పు పోయింది, మార్చు."

టైలరమ్మ కిటికీ దగ్గరి కూజాలోంచి గ్లాసెడు నీళ్లు వంచి ముందు పెట్టింది. ఆ గడప తొక్కినవాళ్లకి ముందు నీళ్లు, తర్వాతే కొలతలు. ముసుగు వేసుకునేవాళ్లూ, వేసుకోనివాళ్లూ, దేవుడున్నాడనేవాళ్లూ, లేడనేవాళ్లూ అందరూ ఆ గ్లాసుతోనే తాగారు. "నా తాడు మీద అందరి బట్టలూ పక్కపక్కనే వేలాడతాయి, ఒక్కటీ పోట్లాడుకోదు" అని ఆవిడ గొప్పగా చెప్పుకునేది. ఎవరి ఇష్టం వాళ్లది, మనకెందుకు అనేది.

పిల్లలు వద్దనుకుంటున్నామని కూతురు చెప్పిన రోజున కూడా అదే మాట అంది. "మీ ఇష్టం తల్లీ." అంటూనే, అప్పటి నుంచి కూతురికి ఏ ప్యాంటు కుట్టినా నడుము దగ్గర లోపలికి నాలుగు వేళ్ల గుడ్డ ఎక్కువ వదిలేది. రేపు మనసు మారదా, కుట్టు విప్పితే సరిపోదా అని. ఒకసారి కూతురు లోపలికి తిప్పి చూసి, "ఇదేంటి, నీ ఇష్టమా?" అని నవ్వింది. అది మంచి నవ్వు కాదు.

ఇప్పుడు టైలరమ్మ ఆ ప్యాంటును తిరగేసింది. జిప్పు సంగతి మరిచిపోయింది.

నడుము దగ్గర ఆవిడ మెషిన్ కుట్టు లేదు. ఎవరో విప్పారు. పాత కుట్టు గీతకి బయటగా, వదిలిన గుడ్డ అంచు దాకా, దారం తీసేసిన సూది చిల్లులు వరసగా కనిపించాయి. మళ్లీ పాత గీత మీదే కొత్తగా చేతి కుట్టు. అంటే నడుము ఒకసారి వదులు చేసి, తర్వాత మళ్లీ బిగించారు. టైలరమ్మ బట్టను కిటికీ వెలుతురుకి పట్టింది. ఆ కుట్లన్నీ తిరగబడి, ఎదురు వాలుగా ఉన్నాయి. పుర్రచేతి వాటం. అలా కుట్టే మనిషి ఆవిడకు తెలిసి ఒక్కతే ఉంది.

కాజాల అక్క.

ఏళ్ల తరబడి ఆ బల్లకి అటువైపు కూర్చుని కాజాలు కుట్టిన మనిషి. ఆమె కూతురు కడుపు తీయించుకుందని పోయినేడు వీధంతా గుప్పుమంది. నరం లేని నాలుక కదా, టైలరమ్మ ఊరుకోలేదు. "నలుసు ప్రాణం తీసిన పిల్లకి మంచినీళ్లు కూడా ఇవ్వకూడదు" అంది, నలుగురిలో. ఆ మధ్యాహ్నమే ఆ పిల్ల తల్లి కోసం వచ్చి, పాలిపోయిన మొహంతో, "అత్తా, కాసిని నీళ్లు" అంది. "కూజా ఖాళీ" అంది టైలరమ్మ, పొద్దున్నే నింపిన కూజా పక్కన నిలబడి. కాజాల అక్క సూదుల డబ్బా సంచీలో వేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఆ పూట సెలవు పెట్టి వచ్చిన టైలరమ్మ కూతురు ఇదే కుర్చీలో కూర్చుని ఉంది.

"ఎన్నో నెల?" అంది టైలరమ్మ.

కూతురు బట్ట వైపు చూసింది. దాచే ప్రయత్నం చేయలేదు. "మూడు నిండాయి. వద్దనుకున్నదాన్నే, తీరా వచ్చాక తేల్చుకోలేకపోయాను. నువ్వు వదిలిన గుడ్డ అప్పుడు పనికొచ్చిందిలే."

"పోయిందా?"

"పోలేదు. తీయించుకున్నాను. బాగా ఆలోచించుకునే."

"అయ్యో, అయ్యో! ఎంత పని చేశావే! అది పాపమే, నువ్వేమన్నా సరే నేనలాగే అంటాను. మత్తిచ్చినప్పుడు తెలివి రాకపోతే? రక్తం ఆగకపోతే? అల్లుడున్నాడా పక్కన?"

"లోపలికి ఆడవాళ్లనే రానిస్తామన్నారు. కాజాల అత్త తోడొచ్చింది."

"మరి ఆవిడా? నేనుండగా ఆవిడా?" టైలరమ్మ ప్యాంటును గుప్పిట్లో నలిపేసింది. నువ్వు ఒంటరిగా ఆసుపత్రి మంచం మీద పడుంటావేమోనని రోజూ హడలిపోయేదాన్నే, అనుకుంది. పైకి మాత్రం, "నేను చచ్చాననుకున్నావా? తల్లిని పిలవాలని ఒక్కసారైనా అనిపించలేదా?" అంది.

వాన జోరందుకుంది. బట్టల కోసం ఎవరో ఆవిడ గుమ్మం దాకా వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, కుట్టిన జాకెట్లు అడక్కుండానే వెనక్కి తిరిగింది. టైలరమ్మ కాలు తెలియకుండానే పెడల్ తొక్కింది. బట్ట లేని సూది ఊరికే నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడి ఆగింది. ముందున్న గ్లాసులో నీళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"పలకవే!"

కూతురు ఆ గ్లాసును వేలితో కొంచెం అవతలికి జరిపింది. ఎవరిదో సంగతి చెబుతున్నట్టుగా అంది:

"తెలివి రాగానే విపరీతంగా దాహం వేస్తుందని ముందే చెప్పారమ్మా. నువ్వు ఇస్తావో ఇవ్వవో నాకు తెలియలేదు."