ఏ వరుసని చెప్పాలి

యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగంలో ప్రాక్టికల్ పరీక్షలు జరుగుతున్న రోజది. ల్యాబ్ టెక్నీషియన్ మహిత మైక్రోస్కోపుల కింద స్లైడ్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటూ వస్తుంటే పక్కింటావిడ ఫోన్ చేసింది. తలుపు బార్లా తీసి ఉందనీ, పెద్దామె ఇంట్లో లేదనీ చెప్పింది. మహిత పక్క ల్యాబులో ఉన్న మోహనకు పని అప్పజెప్పి, స్కూటీ తీసుకుని బయటపడింది. తిరుపతిలో తాముండే బైరాగిపట్టెడ సందులన్నీ గాలించింది. చివరికి బస్టాండులో, చిత్తూరు బస్సు కిటికీ పక్కన కూర్చుని కనబడింది నాగరత్నమ్మ. ముఖంలో బెదురేమీ లేదు.

"మామిడి కోతకు కూలోళ్లొచ్చుంటారు. నేను పోకపోతే ఎట్ల?" అంది.

చిత్తూరు అవతల బంగారుపాళ్యంలో ఉన్న ఆ మామిడి తోట అమ్మేసి చాలా ఏళ్లయింది. ఆ మాట చెప్పి ఆమెను ఏడిపించడం ఇష్టం లేక, రేపు పోదాంలే అని నచ్చజెప్పి కిందికి దింపింది మహిత.

నాగరత్నమ్మ మహితకు అత్త. ఒకప్పటి అత్త అనాలి. కొడుకు చక్రధర్‌తో మహిత కాపురం కోర్టులో తెగిపోయింది. అతను బెంగళూరులో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లయిన కొన్నాళ్లకు నాగరత్నమ్మ బట్టల సంచితో మహిత గుమ్మంలోకి వచ్చి, కొన్నాళ్లు ఇక్కడ ఉంటానంది. మహిత కాదనలేదు. ఎందుకు కాదనలేదని అప్పుడూ ఆలోచించుకోలేదు, ఆ తరువాతా ఆలోచించుకోలేదు. ఈ మధ్య పెద్దామెకు మరుపు మొదలైంది. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్లిపోతోంది.

మర్నాడు మోహన గట్టిగా చెప్పింది. యూనివర్సిటీలో కొత్తగా ఒక వెసులుబాటు వచ్చింది కదా, అడగమంది. ఇంట్లో పసిపిల్లలనో జబ్బు మనుషులనో చూసుకునే సిబ్బంది పొద్దున పెందలాడే వచ్చి మూడింటికి వెళ్లిపోవచ్చు. ఆ తరువాతి పనిని తోటివాళ్లు సర్దుకోవాలి. సాయంత్రం ల్యాబు తాను చూసుకుంటానని మోహన ముందే ఒప్పుకుంది.

ఆ వ్యవహారం చూసే అధికారి రేవతి మెత్తని మనిషి. మహితను కూర్చోబెట్టి విషయమంతా ఓపిగ్గా విన్నది. తరువాత కంప్యూటర్లో మహిత వివరాలు తెరిచి చూసింది.

"మీకు విడాకులైనట్టు రికార్డులో ఉంది."

"అవును మేడమ్."

"అయితే ఆమె మీకు ఏమవుతారు?"

అత్త అంటే అబద్ధమవుతుందేమో. ఏమీ కాదంటే అంతకంటే పెద్ద అబద్ధం. నిబంధనలో తల్లిదండ్రులు, అత్తమామలు, భర్త, పిల్లలు అని ఉందనీ, ఇలాంటి సంగతి తనకూ కొత్తేననీ రేవతి చెప్పింది. కమిటీలో మాట్లాడే ముందు ఒకసారి ఇంటికొచ్చి పెద్దామెను చూస్తానంది. మహిత ల్యాబుకు తిరిగి వచ్చింది గానీ, ఆ పూట ఏ సీసాలో ఏ రంగు పోసిందో ఆమెకే తెలియలేదు.

రేవతి శనివారం సాయంత్రం వచ్చింది. నాగరత్నమ్మ ఆ రోజు తేటగా ఉంది. కాఫీ తెమ్మని మహితకు పురమాయించి, తాను వచ్చినామె పక్కన కూర్చుంది. ఈ అమ్మాయి మీకేమవుతుందని రేవతి అడిగితే, కోడలని చెప్పింది. మహిత కాఫీ గ్లాసులతో వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తా, నాకూ ఆయనకూ తెగిపోయింది కదా" అంది నెమ్మదిగా.

"నాకు తెలీదా? ఇడిసిపెట్టింది వాడు. నేను ఇడిసిపెట్టినానా?"

రేవతి మహిత చేతిలోని కాఫీ అందుకుని, తల వంచుకుని తాగింది. మహితకు మాత్రం ఆ మాట వినగానే ఊరట కలగలేదు. పెద్దామె తనను విడిచిపెట్టలేదు, సరే. మరి తాను ఎవరిని పట్టుకుని ఉంది? ఈమెనా, ఈమెలో మిగిలిన ఆ ఇంటినా? ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్దను అలాగే పట్టుకుని ఉండిపోయింది.

కమిటీ ఒప్పుకుంది. వరుస ఏదైనా, ఒకే ఇంట్లో ఉంటూ ఆధారపడినవారైతే చాలునని నిబంధన మార్చారు. మహితకు ఆ కబురు తెలిసిన వారంలోనే చక్రధర్ కారేసుకుని వచ్చాడు. బస్టాండు సంగతి బంధువుల ద్వారా అతనికి తెలిసింది. నలుగురూ నానా మాటలూ అంటున్నారనీ, అమ్మను తీసుకుపోతాననీ అన్నాడు. మహిత వాదనకు సిద్ధపడింది. కానీ నాగరత్నమ్మ చెప్పులు వేసుకుని అప్పటికే కారు దగ్గర నిలబడి ఉంది. కొడుకును చూసిన సంతోషంలో ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ సోమవారం మూడు కాగానే, ఇంటికి పొమ్మని మోహన గుర్తుచేసింది. మహిత వెళ్లింది. తాళం తీసి, మంచం మీద కూర్చుంది. చేయడానికేమీ లేదు. హాయిగా ఉందా అని తనను తాను అడిగి చూసుకుంది. కొంచెం హాయిగానే ఉంది. అందుకే ఏడుపొచ్చింది. మర్నాడు రేవతి దగ్గరికి పోయి, నాకిక ఆ వెసులుబాటు అక్కర్లేదేమో మేడమ్ అంది. ఏమో అంటే రద్దు చేయలేననీ, తేల్చుకున్నాక రమ్మనీ రేవతి పంపేసింది.

తేలకముందే బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది చక్రధర్ కాదు, అతని భార్య లోహిత. మహిత ఆమె గొంతు వినడం అదే మొదటిసారి.

"అక్కా, నేను లోహితను. ఆమె రెండు రోజుల నుంచి అన్నం ముట్టలేదు. మీరొకసారి రాగలరా?"

అక్కా అన్న పిలుపు సంగతి పక్కనపెట్టి, మహిత వస్తానని మాత్రం అంది.

ఆదివారం పొద్దున బస్సెక్కి బెంగళూరు చేరింది. లోహిత చంకలో పసివాడు, ఆదివారమైనా చెవిలో ఆఫీసు మీటింగు. కళ్ల కింద నల్లగా ఉంది. చక్రధర్ ఊళ్లో లేడు. లోహిత మీద ఇన్నాళ్లూ కోపం ఎలా దాచుకున్నానా అని మహిత తికమకపడింది. కోపం ఉండాల్సిన చోట చేయి పెట్టి వెతికినా ఏమీ తగల్లేదు. మీటింగు అయ్యాక లోహిత పక్కన వచ్చి కూర్చుంది.

"మీ దగ్గర ముందుగా ఇంటికి పంపిస్తారంట కదా అక్కా. మా ఆఫీసులో అడిగితే నవ్వినారు."

ఆ మాటలో నింద లేదు, వేడుకోలూ లేదు. నాగరత్నమ్మ లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మహిత పెరుగన్నం కలిపి పక్కన కూర్చుంటే, ఇంత ఆలస్యమైందేమని విసుక్కుని లేచి తిన్నది. కొడుకు ఇల్లు బాగుండాదా అని అడిగితే, బాగుండాది, ఇంక పోదాం పా అంది. ఏ ఇంటికి పోదామంటోందో, తిరుపతికో తోటకో, మహిత అడగలేదు.

ఆడవాళ్లిద్దరూ మాట్లాడుకుని ఒక పద్ధతికి వచ్చారు. పెద్దామె తిరుపతిలోనే ఉంటుంది. వేసవిలో మహితకు పరీక్షల పని ఎక్కువైనప్పుడు లోహిత పిల్లవాడితో వచ్చి కొన్నాళ్లుంటుంది. చక్రధర్‌కు తానే చెప్పుకుంటానంది లోహిత.

మహిత ఇప్పుడు రోజూ మూడింటికి ల్యాబులోంచి బయటపడుతోంది. లోహిత అప్పుడప్పుడు ఫోన్ చేసి, పెద్దామె తిన్నదా, నిద్రపోయిందా అని అడుగుతుంది. ఒకసారి ఆ మాటలు విన్న మోహన, ఎవరామె అని అడిగింది. మహిత ఫోన్ సంచిలో పెట్టుకుంది.

"బెంగళూరులో ఉంటుంది. మా ఇంటి మనిషే" అంది. అది నిజమో కాదో ఆమెకింకా తేలలేదు.