పట్టపగలు చెంబు

శివరాత్రికి ముందు నా కోడలు మంజులతకు ఇరవైనాలుగు గంటల నొప్పి వచ్చిందని మక్తల్‌లో రఘుపతి డాక్టర్ కడుపు కోసి అపెండిక్స్ తీశాడు. ఎండలు ముదిరేసరికి పిల్ల ఎండుకట్టె అయింది. ఒకనాడు ఉతికే చీర మీద నెత్తురు మరక చూసి నిలదీస్తే, దొడ్డికి పోయినప్పుడు పడుతోందని ఏడ్చింది. నా ఒళ్లు మండిపోయింది. ఆ డాక్టరే పేగు పాడు చేశాడని తేల్చేశాను. ఈ గుర్వమ్మ తేల్చిందంటే మా వాడకట్టులో ఇక తిరుగులేదు.

మర్నాడే కోడలిని ఎర్రబస్సెక్కించి తీసుకుపోయాను. దవాఖాన నిండా జనం. అందరూ వినాలనే అరిచాను.

"మంచిగున్న కడుపు ఖరాబ్ జేస్తివి గద డాక్టరూ! నీ చేతులు పడిపోను!"

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకే సులువయ్యేది. మంజులతను పరీక్షించి, పెద్దపేగులో పుండ్ల జబ్బులా ఉందన్నాడు.

"అపెండిక్స్ తీసినందుకు ఇది రాదమ్మా. తీసినవాళ్లకు ఇది తక్కువగా వస్తుందని కూడా ఇప్పుడిప్పుడే కొందరు డాక్టర్లు అంటున్నారు. హైదరాబాద్‌లో చూపించండి, మందులున్నాయి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది. నెత్తురు ఎప్పటి నుంచి పడుతోంది తల్లీ?"

ఆపరేషన్ అయినప్పటి నుంచే అందామని నేను నోరు తెరిచేలోపే కోడలు చెప్పింది.

"బతుకమ్మ పండుగప్పటి సంది."

అంటే ఆపరేషన్‌కు ఎంతో ముందే.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్దామనే అనుకున్న అత్తమ్మా. నువ్వే గద, పట్టపగలు చెంబు వట్టుకొని తిరిగితే ఇజ్జత్ పోతది, పొద్దుగూకినంక పో అంటివి. తింటె పగలు ఆగదని, గందుకే తినుడు బంద్ జేసిన."

మా ఊళ్లో ఆడవాళ్లం తెల్లారకముందో, చీకటి పడ్డాకో తుమ్మచెట్ల చాటుకు పోతాం. ఆ కట్టడి మా అత్త నాకు పెట్టింది, నేను దీనికి పెట్టాను. పిల్ల భయంతో తిండి మానేస్తే, మా కోడలు పిట్టంత తింటుందని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను. నా నోట్లో మన్నుపడ! అంత గొంతు చేసుకున్నదాన్ని, ఆ జనం మధ్య తలెత్తలేక నా చెప్పులే చూసుకుంటూ బయటికొచ్చాను.

మిట్టమధ్యాహ్నం మా ఊరి బస్సు స్టేజీ దగ్గర దిగాం. బీరప్ప చాయ్ హోటల్ బెంచీల నిండా మగవాళ్లే. మంజులత పొట్ట పట్టుకుని అక్కడే కూలబడింది.

"ఇంటిదాకా ఓర్సుకుంట అత్తమ్మా."

"ఓర్సుకున్నది సాలు," అని హోటల్లోకి పోయి చెంబెడు నీళ్లు ముంచుకున్నాను.

బీరప్ప నోరు ఊరుకోదు. "ఏందత్తా, పట్టపగలు చెంబు వట్టినవ్? ఎవలికి తొందరైంది?"

బెంచీల మీది కళ్లన్నీ నా కోడలి వైపు తిరిగాయి. అది కొంగు మొహాన కప్పుకుంది.

"నాకేరా!" అన్నాను. "ముసలి పాణం, ఆగుతలేదు. నా కోడలు తోడొస్తాంది. నవ్వుండ్రి!"

నవ్వారు, కడుపుబ్బా నవ్వారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అయినా చెంబు అందరికీ కనబడేలా పట్టుకుని ముందు నడిచాను. తుమ్మచెట్ల దగ్గర దాన్ని కోడలి చేతికిచ్చి, దారికి అడ్డంగా నిలబడ్డాను.