నొప్పి తెలియని కాలు

చొక్కాలు కుట్టే షెడ్డులో చెప్పులు విప్పి మిషను తొక్కుతున్న టైలరమ్మకు ఆ మధ్యాహ్నం కాలితో తొక్కే పలక మీద రక్తం కనిపించింది. ఎవరిదా అని వంగి చూస్తే, తన మడమలోనే విరిగిన సూది ముక్క దిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో తెలియలేదు. వేలితో నొక్కి చూసింది. నొప్పి లేదు.

సూది లాగి పారేసి, గుడ్డపీలిక కట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. వాళ్ల నాన్నకూ మొదట ఇలాగే చిన్న పుండు లేచింది. తర్వాత కాలు మోకాలి కింద దాకా తీసేశారు.

నాలుగో రోజు, అదే షెడ్డులో బట్ట కత్తిరించే తమ్ముడు ఆమె పక్కన అన్నం తింటూ ఆగిపోయాడు.

"అక్కా, ఏంటీ వాసన?"

ఆమె కాలు వెనక్కి లాక్కుంది. అతను వంగి కట్టు విప్పాడు. అన్నం వదిలేసి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

నర్సమ్మ ఆమె వేలికి సూది గుచ్చి రక్తం పరీక్షించింది. "మూడు వందల ఎనభై ఉంది షుగరు. అందుకే మడమకి నొప్పి తెలీలేదు. ఇన్నాళ్లూ దాహం వెయ్యలేదా?"

"వేసేది. షెడ్డు వేడికేమో అనుకున్నా."

"అందరూ అంతే. మొన్న మీ వీధిలో ఇంటింటికీ తిరిగి చూశాం. పెద్దవాళ్లలో నలుగురికి ఒకరికి ఉంది. సగం మందికి ఆ సంగతే తెలీదు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేవరు, మూడు పూటలా అన్నమే, పైగా అమ్మానాన్నలకి ఉంటుంది. మన వైపు ఒళ్లు లేనివాళ్లకీ వస్తోంది, నలభై నిండకముందే." తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వూ చెయ్యి చాపు బాబూ."

"గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్నా, నాకెక్కడిదండీ" అని నవ్వాడతను.

అంకె చూసి నర్సమ్మ ఇంకో వేలు గుచ్చింది. రెండోసారీ రెండు వందల డెబ్బై. అతనికి ముప్పై ఆరేళ్లు.

అక్క మడమలో కొంత కోసేశారు గానీ కాలు దక్కింది. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. మళ్లీ పనిలో చేరాక ఆమె షెడ్డులో అందరినీ పరీక్షకు రమ్మని బతిమాలింది.

"ఉందని తెలిస్తే తినే నాలుగు మెతుకులూ గొంతు దిగవు, వద్దులే వదినా" అని తప్పుకున్నారు చాలామంది. ఆరుగురు వెళ్లారు. ఇద్దరికి ఉంది.

ఒక ఆదివారం పొద్దున, నర్సమ్మ నేర్పినట్టు తమ్ముడి పాదాల్లో స్పర్శ ఉందో లేదో చూడడానికి కూర్చుంది.

"కళ్లు మూసుకో. నేను ముట్టుకోగానే చెప్పు."

బొటనవేలికి దూది ఆనించింది. అతను పలకలేదు. పక్క వేలికి ఆనించింది. అప్పుడూ పలకలేదు. ఆమె చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"ఆఁ, ఇప్పుడు తెలిసిందక్కా" అన్నాడు తమ్ముడు, కళ్లు మూసుకునే.