ఓడ తీసెయ్యండి, మెట్లు ఉంచండి

సాయిలక్ష్మి నడిపే ‘జంగ్లీఘాట్ ఖబర్’ పేజీ తెల్లారేసరికి మూతపడింది. ఎంత నొక్కినా ‘దేశ భద్రత దృష్ట్యా నిలిపివేశాం’ అనే ముక్క తప్ప ఇంకేమీ కనిపించలేదు. ముందురోజు పెట్టిన వీడియోలో ఉన్నదల్లా చేపలు దించే ఘాట్‌లో విరిగిన మెట్లు, వాటి మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్న మేనత్త బుల్లమ్మ. బుల్లమ్మ వల్ల దేశానికి ముప్పేమిటో పేటలో ఎవరికీ అంతుపట్టలేదు.

ఫోన్లో దాచుకున్న వీడియో మళ్ళీ వేసి చూసుకుంది సాయిలక్ష్మి. అత్త భుజం వెనకాల, దర్జాగా, నేవీ ఓడ! తప్పు తనదే.

అభ్యంతరం ఉంటే చెప్పుకోమని ఆ మధ్యాహ్నమే సర్కారు ఆఫీసుకి రమ్మన్నారు. అక్కడ నెగ్గకపోతే పేజీ మరి తెరుచుకోదు, మెట్ల గోడు వినేవాడూ ఉండడు. అయినా ఆటో ఎక్కగానే ఆ పిల్లకి భయం పోయి హుషారు పట్టుకుంది. దారిలో, ఆమె పేజీ చూసే గోల్ ఘర్ సెంటరు దుకాణాలవాళ్ళు కూడా చేతులూపారు మరి. పక్కన కూర్చున్న తండ్రి తాతబ్బాయి మాత్రం ఉతికిన చొక్కాలో బిగుసుకుపోయాడు.

‘‘సాబ్ ముందర గట్టిగా అరవకే. నెమ్మదిగా బోల్‌నా, సమజయ్యిందా?’’ అన్నాడు.

‘‘అరవన్నే నాన్నా. అడుగుతానంతే.’’

గదిలో ఇద్దరున్నారు. ఒకరు విచారణ చేసే అధికారి. రెండోవాడు ఘాట్ మరమ్మతులు చూసే ఇంజనీరు, ఫిర్యాదు చేసింది ఆయనే. మాటలన్నీ హిందీలో సాగాయి.

‘‘ఓడ కనిపించడం నా పొరపాటు సార్, ఒప్పుకుంటున్నాను’’ అని మొదలుపెట్టింది సాయిలక్ష్మి. అధికారి తలెత్తి చూశాడు. ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు.

‘‘ఒప్పుకుంది కదా, ఇంకేం? పేజీ మొత్తం మూసేయండి’’ అన్నాడు ఇంజనీరు.

‘‘ఒక్కమాట సార్. మా నాన్న వేటకెళ్ళే తావు ఎవ్వరికీ చెప్పడు. సొంత తమ్ముడికి కూడా చెప్పడు. కానీ డోంగీ పడవకి చిల్లు పడితే పేటంతా వినేలా అరుస్తాడు. అరవకపోతే మునిగేది ఆయనే. తావు దాచుకోవాలి, చిల్లు చెప్పుకోవాలి. ఇందులో దాచాల్సింది ఏది సార్, ఓడా, మెట్లా?’’

తాతబ్బాయి కంగారుగా కుర్చీ అంచుకి జరిగాడు. తన తావు సంగతి సర్కారు ఆఫీసులో ఎత్తుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

‘‘ఓడ’’ అన్నాడు అధికారి.

‘‘అయితే ఓడ తీసెయ్యండి, మెట్లు ఉంచండి.’’

ఇంజనీరు కుర్చీలోంచి లేచాడు. ‘‘ఎలా ఉంచుతారు? ఆ మెట్లు చూస్తే మా ఆఫీసు పరువేం కావాలి?’’

నోరు జారిన సంగతి ఆయనకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

‘‘మీ పరువు దేశ భద్రత కిందికి రాదండీ’’ అన్నాడు అధికారి తాపీగా. ఓడ ఉన్న ముక్క కత్తిరించాలి, పేజీ వెంటనే తెరవాలి అని అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించాడు. సాయిలక్ష్మికి ఆనందంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమ్మం దాటగానే తాతబ్బాయి, నెమ్మదిగా మాట్లాడమన్న ఆ మనిషే, ‘‘జీత్ గయా! గెలిచేశాం!’’ అని కేకేశాడు. గేటు దగ్గర జవాను ఉలిక్కిపడ్డాడు.

సాయంత్రం ఘాట్ కిటకిటలాడింది. పిండికట్టు కాలుతో బుల్లమ్మని కుర్చీతో సహా మోసుకొచ్చి మెట్ల పక్కన దించారు. సాయిలక్ష్మి ఫోను ఎత్తింది. లైవ్ ఇంకా మొదలే కాలేదు, బుల్లమ్మ చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. కుర్చీలోనే మెడ తిప్పి వెనక్కి చూసింది.

‘‘ఒసే, నా ఎనకాల ఓడేటైనా ఉందేటే?’’

‘‘నేదత్తా. గోడే ఉంది.’’

‘‘అయితే తియ్యి. ముందు మెట్టు తియ్యి, తరవాత నా కాలు.’’